తుంపర: మా బడి పత్రిక పని డైరీ

జూన్ చివరి వారం

పత్రిక క్లాసు అంటే వ్యాసాలు బాగా రాయడం నేర్పిస్తారనుకుని పేరిచ్చినవాళ్లమే ఎక్కువ. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు దీనికి. మాది అనంతపురం టౌన్‌ను ఆనుకుని ఉన్న ఊరు. నేను తొమ్మిదో తరగతి. క్లాసు చెప్పేది మా తెలుగు సార్. ఆయన టీచరు కాకముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశారు. అప్పట్లో జీతం లేదట, లైన్ అకౌంటే. అచ్చయిన వార్త పొడవు కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. "అందుకేనా సార్, మీ పాఠం కూడా ఇంత పొడుగుంటాది?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. సార్ కూడా నవ్వేశారు.

మొదటి క్లాసులో ఒక్క వాక్యం రాయించలేదు. పాత జిల్లా ఎడిషన్లు, రంగు పెన్సిళ్లు ఇచ్చారు. విలేకరి కళ్లతో చూసిన వాక్యం కింద ఎర్ర గీత. ఎవరో చెబితే రాసినదాని కింద నీలం. కాగితం, రికార్డు, లెక్క చూసి రాసినదాని కింద ఆకుపచ్చ. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వాక్యానికి రంగు లేదు. ఆట సులువనుకున్నాం. గంట గడిచేసరికి మా టేబుల్ మీది వార్తల్లో రంగు పడని వాక్యాలు బోలెడు మిగిలాయి. "తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు", "సర్వత్రా విమర్శలు వెల్లువెత్తుతున్నాయి", "అధికారులు పట్టించుకోవడం లేదు" లాంటివి. ఎవరు పడుతున్నారు, ఎవరు విమర్శించారు, ఏ అధికారి? ఆ రోజు నుంచి ఇంట్లో పేపర్ చదవడం కష్టమైపోయింది. చేతిలో పెన్సిల్ లేకపోయినా కళ్లు గీతలు పెట్టేస్తున్నాయి. మా నాయన టీవీ చర్చ చూస్తుంటే పక్కన కూర్చుని "ఇది నీలం, ఇది రంగు లేనిది" అంటున్నానని ఛానల్ మార్చేశాడు.

పనులు పంచుకున్నాం. నేను వార్తలు. ఇంకొకరు ఫొటోలు, ఒకరు ఆటలు, ఒకరు కార్టూన్, పదో తరగతి అక్క ఒకరు డెస్కు, అంటే వచ్చిన వార్తలు దిద్దే పని. వారం తిరక్కుండానే పేర్లు పోయి పనులే పేర్లయ్యాయి. "స్పోర్ట్స్, నీ టిఫిన్ బాక్స్ ఇక్కడుంది" అని ఇప్పుడు క్లాసులో వాళ్లు కూడా పిలుస్తున్నారు.

పత్రిక పేరు మీదే ఎక్కువ గొడవ జరిగింది. "విద్యార్థి గళం", "అక్షర జ్యోతి" లాంటివన్నీ బోర్డు మీదికెక్కాయి. చివరికి ఓట్లలో "తుంపర" గెలిచింది. పేరులోనైనా కాస్త వాన ఉండనీ అని డెస్కు అక్క అంది. ఏ3 కాగితం రెండు వైపులా అచ్చువేసి మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మొదటి సంచిక విషయం నీళ్లు.

జూలై మొదటి వారం: జైసల్మేర్

నీళ్ల సంచిక అనగానే మాలో అందరూ ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షపాతం నమోదయ్యే జిల్లా అనంతపురం." ఇది మాకు అమ్మ పేరంత గట్టిగా తెలుసు. సభల్లో వింటాం, వ్యాసాల్లో రాస్తాం, క్విజ్‌లో అడిగితే చెయ్యెత్తుతాం.

సార్ ప్రతి కాగితం మీదా ఆ వాక్యం పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి తిరిగిచ్చారు. "ఏ రంగు?" అని అడిగారు. అందరికీ తెలిసిన విషయమే కదా సార్ అన్నాం. "అందరికీ అనే రంగు పెన్సిల్ నేను తేలేదే" అన్నారు.

సరే, చూద్దామని మొదలుపెట్టాం. అనంతపురం ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది నిజంగానే తక్కువ. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటువైపే పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడుతుంది. రెండు వైపులా మనది ఆఖరి బంతి. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత రాజస్థాన్ జిల్లాల పట్టిక తీశాం. బార్మర్, బికనేర్ రెండూ 300 లోపే. జైసల్మేర్ ఒక్కటే కాదు, దాని చుట్టుపక్కలవన్నీ మనకంటే పొడి జిల్లాలు. అప్పుడు స్పోర్ట్స్ అట్లాస్‌లో లద్దాఖ్ మీద వేలు పెట్టాడు. లేహ్‌లో ఏడాదికి 100 మిల్లీమీటర్ల దగ్గరే.

అంటే రెండో స్థానం కాదు, దరిదాపుల్లో కూడా లేం. మాకందరికీ అదోలా అయింది. ఇంత పేరున్న కరువు మాది, ఆ పేరు కూడా తీసేస్తారా అన్నట్టు ఉంది. మా సోషల్ సార్‌కు చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నారు. "నేను చదివిన పుస్తకంలో అట్లే ఉండె" అన్నారు. మరుసటి రోజు ఆయనే ఫోన్‌లో ఏవేవో పట్టికలు వెతికి తెచ్చి మా ముందు పెట్టారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఆ మాట చెప్పలేదనుకోండి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. దీన్ని డెస్కు అక్క పట్టుకుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. పుట్టపర్తి, కదిరి, ధర్మవరం, హిందూపురం వైపు అంతా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. పాత నివేదికల్లో "అనంతపురం జిల్లా సగటు" అని ఉన్న అంకె ఉమ్మడి జిల్లాది. దాన్ని ఇప్పటి జిల్లాకు అతికించి రాస్తే తప్పు. అందుకని "ఉమ్మడి జిల్లా" అని రాశాం.

చివరికి అచ్చుకు వెళ్లిన వాక్యం ఇది: "దేశంలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటి. ఉమ్మడి జిల్లా సగటు ఏడాదికి సుమారు 550 మి.మీ." చప్పగా ఉంది, నిజమే. కానీ దాని కింద ఇంకో పేరా రాయడానికి చోటు దొరికింది. ఎంత పడుతుందన్నది సగం కథే. ఎప్పుడు పడుతుంది, మధ్యలో ఎన్నాళ్లు ఆగుతుంది అన్నది వేరుశనగ రైతుకు అంతకంటే పెద్ద విషయం. లోతు లేని ఎర్ర నేల తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. పూత తర్వాత కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన మొహం చాటేస్తే మొత్తం సగటు బాగున్నా కాయ ఉండదు. జైసల్మేర్ పక్కన నిలబడి జాలి పుట్టించే వాక్యం తీసేశాకే ఈ పేరా రాసే అవసరం కనిపించింది.

జూలై మధ్యలో: మా అబ్బతో (తాతతో)

ఇంటర్వ్యూ చేయడం ప్రాక్టీసు. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని నీళ్ల గురించి అడిగి రాసుకు రావాలి. నోట్‌బుక్ పేజీ మధ్యలో గీత. ఎడమవైపు వాళ్లన్న మాట అన్నట్టే. కుడివైపు మనం అడగాల్సినవి, చూసినవి, అనుమానాలు. రెండూ కలవకూడదు.

"అబ్బా, అప్పట్లో నీళ్లు ఎట్లుండె?" అని అడిగాను. "ఏముండాదిమే, అప్పుడు బాగుండె, ఇప్పుడు లేదు" అన్నాడు. అయిపోయింది ఇంటర్వ్యూ. సోమవారం చూస్తే అందరి నోట్‌బుక్కుల్లోనూ ఇదే జవాబు. అవ్వ, అబ్బ, జేజి, పక్కింటి పెద్దాయన, ఎవరిని అడిగినా "అప్పుడు బాగుండె". ప్రశ్న అంత వెడల్పుగా ఉంటే జవాబు కూడా అంతే వెడల్పుగా వస్తుందని సార్ అన్నారు. కొలిచే ప్రశ్న వేయమన్నారు. అడుగులు, గంటలు, బిందెలు, ఏళ్లు.

మళ్లీ కూర్చున్నాను. మన బావి లోతెంత? కపిల తోలడానికి, అంటే తోలు బానతో నీళ్లు పైకి లాగడానికి, ఎద్దులు ఎన్ని జతలు? పొద్దున మొదలుపెడితే ఎంతసేపు నీళ్లొచ్చేవి? ఈసారి అబ్బ మంచం మీద లేచి కూర్చున్నాడు. చేతులతో బావి గట్టు కొలత చూపించాడు, తోలు బాన ఎక్కడ కుట్టించేవారో చెప్పాడు. ఎద్దు వెనక్కి నడవడం ఎట్లా నేర్పేవాళ్లో చెప్పడానికి లేచి వాకిట్లో తనే వెనక్కి నడిచాడు. అమ్మ భయపడి వచ్చి పట్టుకుంది.

బావి ఏ ఏడు ఎండిందంటే అబ్బకు తెలియదు. "ఇందిరమ్మ పోయిన యాడాది నీళ్లుండె. మీ చిన్నాయన పదో తరగతి రాసేటప్పటికి లేవు." దీన్ని కాగితం మీద పెట్టాను. ఇందిరాగాంధీ చనిపోయింది 1984లో. చిన్నాయన పదో తరగతి మార్కుల మెమో మీద సంవత్సరం ఉంది. ఈ రెండింటి మధ్యన బావి ఎండింది. మొదటి బోరు ఆ తర్వాత వేశారు, 150 అడుగులు. ఇప్పుడు నడుస్తున్నది 600 దాటింది. ఈ లెక్క ఏ కార్యాలయంలోనూ ఉండదు. పెద్దవాళ్లు సంవత్సరాలు చెప్పరు గానీ పెళ్లిళ్లు, చావులు, ఎన్నికలు, తుపానులు పొరపాటు లేకుండా చెబుతారు. వాటికి పక్కన ఏళ్లు రాసుకోవడం మన పని.

పేజీ 3లో అబ్బ కథ వేశాం. అబ్బ ఫొటో కాదు, అబ్బ వాకిట్లో గీసి చూపించిన బావి బొమ్మను కార్టూన్ మళ్లీ గీసి ఇచ్చింది.

జూలై చివర: ఆర్వో ప్లాంటు

అసలు పని ఇది. మా బడిలో ఒక ఆర్వో ప్లాంటు ఉంది. కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, కానీ ఉప్పుగా ఉంటాయి. చాలామంది ఇంటి నుంచే బాటిల్ తెచ్చుకుంటారు. తెచ్చుకోలేనివాళ్లు ఆ నీళ్లే తాగుతారు. దీని మీద బడిలో తిరిగే కథలు రెండు. ఒకటి, నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, పళ్లు పాడవుతాయి. రెండు, రిపేరు డబ్బు ఎవరో తినేశారు.

రెండూ మంచి బ్యానర్ వార్తలే. మా పనంతా వాటిని చూసి ఆగడంతోనే సరిపోయింది.

సైన్స్ మేడం దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది. పెన్ను లాంటిది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది. నీటిలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్న దాన్ని బట్టి అంచనా వేస్తుంది. బోరు నీళ్లు లీటరుకు 1,380 మిల్లీగ్రాములు చూపించాయి. ఆర్వో కొళాయి 910. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో 500 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. అంటే లవణాల లెక్కలో నీళ్లు ఆ హద్దు దాటలేదు. కానీ ప్లాంటు తన పని చేయడం లేదు. బాగా నడిచే ఆర్వో అయితే లవణాల్లో ఎక్కువ భాగాన్ని ఆపేయాలి. మాది మూడో వంతు మాత్రమే ఆపుతోంది. మేడం చేత లెక్క సరిచూయించుకున్నాం.

ఫొటో అప్పుడే హెడ్డింగ్ చెప్పేశాడు, "బడి నీళ్లలో ఫ్లోరైడ్". మేడం ఆపింది. టీడీఎస్ మీటర్‌కు ఫ్లోరైడ్ కనిపించదు. ఉప్పు అయినా సున్నం అయినా దానికి అన్నీ ఒకటే. టీడీఎస్ తక్కువున్నా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు, దానికి తలకిందులుగా కూడా కావొచ్చు. మా జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లు ఉన్నాయన్నది నిజం. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు పైపులు వేసింది కూడా మంచి నీళ్లు దొరక్కే. కానీ జిల్లాలో ఉందంటే మా కొళాయిలో ఉందని కాదు.

మరి ఎట్లా తెలుసుకోవాలి? ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పించారు. మా ఊళ్లో వాళ్లలో ఒకామె మా వీధిలోనే ఉంది, కుట్టు మిషను పెట్టుకున్న అక్క. ఇన్నేళ్లుగా బ్లౌజులు ఇవ్వడానికి పోతున్నాం, ఈ సంగతి ఎవరికీ తెలియదు. అక్క కిట్ తీసి, సీసాలో నీళ్లు గీత దాకా పోసి, మందు చుక్కలు వేసి, రంగు కార్డు పక్కన పెట్టింది. వెలుతురు సరిగా లేదని అందరం వాకిట్లోకి వచ్చాం. రంగు 1కీ 1.5కీ మధ్య ఉందని అక్క, 1 దగ్గరే ఉందని స్పోర్ట్స్. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి. "కంటితో చూసేది కాబట్టి ఇది అంచనానే. గట్టిగా రాయాలంటే ల్యాబ్‌కు పంపించల్ల" అని అక్క చెప్పింది. వార్తలో ఆ మాట ఆమె చెప్పినట్టే వేశాం. శాంపిల్ సీసా ల్యాబ్‌కు పంపే పని సైన్స్ మేడం తీసుకుంది.

ఇక డబ్బు సంగతి. ఎవరు చెప్పారు అని అడుగుతూ వెనక్కి పోయాం. నాకు చెప్పింది నా బెంచ్‌మేట్, వాళ్లన్నకు చెప్పింది ఇంకొకడు, వాడికి టీ అంగడిలో ఎవరో. అక్కడ దారి ఆగిపోయింది. అప్పుడు రెండోవైపు నుంచి మొదలుపెట్టాం. అసలు డబ్బు ఎంత వస్తుంది? బడులకు డబ్బిచ్చే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షా మార్గదర్శకాల్లో కాంపోజిట్ గ్రాంట్ అని ఉంది. 250 మంది దాటి 1,000 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 రూపాయలు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ అందులోనే. కనీసం పది శాతం శుభ్రతకు పెట్టాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామని డెస్కు అక్క ఉత్సాహపడింది. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. "పక్క రూంలో ఉండే రిజిస్టర్‌కు అర్జీ ఎందుకమ్మా? ముందు అడిగి చూడండి" అన్నారు సార్.

బడిలో పనిచేసే ఒకామె మాకు ముఖ్యమైన మాట చెప్పింది. సర్వీసు చేసే అబ్బాయి పోయిన ఏడాది నుంచి రావడం లేదని. "నా పేరు మాత్రం రాయొద్దు తల్లీ, నా పని పోతాది" అంది. ఆమె మాట నిజమేనని మాకు నమ్మకమే. కానీ పేరు లేకుండా వేస్తే చదివేవాళ్లు ఎందుకు నమ్మాలి? పేరు వేస్తే ఆమె గతేంటి? రెండు రోజులు ఇదే చర్చ. ఫొటోనే దారి చూపించాడు. ప్లాంటు వెనకవైపు ఫొటో తీస్తూ, గోడ పక్కకు తిరిగి వేలాడుతున్న సర్వీసు కార్డు చూశాడు. చివరి తేదీ, మెకానిక్ సంతకం ఉన్నాయి. పది నెలలైంది. ఇక ఆమె పేరు అవసరమే లేదు. ఆమె చెప్పినదాన్ని కార్డు చెబుతోంది. వార్తలో ఆ కార్డు గురించే రాశాం. ఆమె మాతో మాట్లాడిందన్న సంగతి మా ఐదుగురికి, సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు, తెలియబోదు.

ఆగస్టు: వర్షన్

"వర్షన్ తీసుకున్నారా?" విలేకరుల్లో ఇది రోజూ వినిపించే మాటట. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల వివరణ లేకుండా వార్త డెస్కు దాటదు. మా వార్తలో ఆ మనిషి హెచ్‌ఎం మేడం. ఆమె ముందు కూర్చుని ప్రశ్నలడగాలంటే టెన్షన్. మేం ఆమె గదిలోకి వెళ్లేది సంతకానికో, తిట్లకో. ప్రశ్నలు ముందే రాసుకున్నాం. "ఎందుకు పట్టించుకోలేదు" అన్న ప్రశ్నను డెస్కు అక్క కొట్టేసి "సర్వీసు ఒప్పందం ఎప్పుడు ముగిసింది, మళ్లీ చేయడానికి ఎంత అడిగారు" అని మార్చింది.

మేడం కోపపడలేదు. బీరువా తీసి రిజిస్టర్ చూపించింది. ఒప్పందం ముగిసింది, కొత్తగా చేయడానికి ఏజెన్సీ వాళ్లు అడిగిన మొత్తం కాగితం మీద ఉంది. పోయిన ఏడాది గ్రాంట్‌లో కరెంటు బిల్లే పెద్ద వాటా తినేసింది. ఈ ఏడాది డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు. మేం లెక్క కలిపి చూశాం. తినేశారన్న కథకు ఆధారం కనిపించలేదు. అదే సమయంలో, పది నెలల్లో విద్యా కమిటీ సమావేశం మినిట్స్‌లో, అంటే ఏం మాట్లాడారో రాసిపెట్టే పుస్తకంలో, ప్లాంటు మాట ఒక్కసారి కూడా లేదు. ఇది కూడా రాశాం. దొంగ ఎవరూ లేని వార్త ఇది. దొంగ ఉన్న వార్తకంటే రాయడం కష్టం.

అచ్చుకు ముందు పేజీలు చూపించమని మేడం అడిగింది. దీని మీద మాలో మాకు పడలేదు. స్పోర్ట్స్ ఎక్కడో చదివి వచ్చాడు. అమెరికాలో హైస్కూళ్లలో జర్నలిజం మామూలు క్లాసులాగే ఉంటుంది, పిల్లలే పత్రిక నడుపుతారు. మిస్సోరి రాష్ట్రంలో హేజెల్‌వుడ్ ఈస్ట్ అనే హైస్కూల్లో 1983లో ప్రిన్సిపల్ పత్రికలోంచి రెండు పేజీలు తీసేయించాడు. ఒక కథనం టీనేజీ గర్భాల మీద, ఇంకోటి తల్లిదండ్రుల విడాకుల మీద. పిల్లలు కోర్టుకెళ్లారు. 1988లో అక్కడి సుప్రీంకోర్టు 5-3తో బడి పక్షానే తీర్పిచ్చింది. "చూడు, అమెరికాలోనే ఓడిపోయినారు" అని స్పోర్ట్స్ నీరుగారాడు. సార్ మాత్రం వాదన చేయకుండా పేజీలు తీసుకెళ్లి చూపించి రమ్మన్నారు.

మేడం రెండు చోట్ల వేలు పెట్టింది. ఒకటి, "నిర్లక్ష్యం" అన్న మాట. దాన్ని తీసేశాం, ఎందుకంటే మినిట్స్‌లో ప్రస్తావన లేదన్న వాక్యం పక్కనే ఉంది, చదివినవాళ్లకు ఇంకో మాట అక్కర్లేదు. రెండోది ఫొటో. కొళాయి దగ్గర నీళ్లు తాగుతున్న ఆరో తరగతి పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. వాళ్లను అడిగి తీయలేదు, వాళ్ల అమ్మానాన్నలను అసలే అడగలేదు. బాటిల్ తెచ్చుకోలేనివాళ్లు వీళ్లే అని ఊరంతా చూస్తారు. ఆ విషయంలో మేడం అన్నదే సరి, నా దృష్టిలో. ఫొటో అలిగాడు గానీ, సర్వీసు కార్డు ఫొటో వార్తకు ఇంకా బాగా కుదిరింది. మినిట్స్ వాక్యం తీయమని మేడం అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేవాళ్లమో మాకూ స్పష్టత లేదు.

వర్షన్ కోసం తిరుగుతున్న ఆ వారంలోనే సార్ గుత్తి కేశవపిళ్లె గురించి చెప్పారు. ఆయన గుత్తి నుంచి మద్రాసులోని హిందూ పత్రికకు వార్తలు పంపేవారు, ఇప్పటి లెక్కలో స్ట్రింగర్. 1893లో గుంతకల్లు దగ్గర హంపన్న అనే రైల్వే గేట్‌మన్, ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సైనికుల నుంచి కాపాడబోయి తుపాకీ దెబ్బకు చనిపోయాడు. సైనికుడికి శిక్ష పడలేదు. కానీ హంపన్న పేరు చెరిగిపోకుండా నిలబెట్టినవాళ్లలో కేశవపిళ్లె ముందున్నారు. గుత్తికి మేం ఎన్నోసార్లు వెళ్లాం, కోట ఎక్కాం, ఈ పేరు ఎవరూ చెప్పలేదు. రెండో సంచికలో దీని మీద రాయాలని నోట్ చేసుకున్నాను.

డీటీపీ షాపు

టవర్‌క్లాక్ దగ్గర ఒక డీటీపీ షాపులో పేజీలు పెట్టించాం. ఫోన్‌లో టైప్ చేసి తీసుకెళ్లిన మా వార్తలన్నీ అక్కడి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేయగానే ప్రశ్నార్థకాలయ్యాయి. మేం టైప్ చేసింది యూనికోడ్, వాళ్లవి అను ఫాంట్లు, రెండింట్లో అక్షరాల కోడ్ వేరు. కన్వర్టర్‌లో మారిస్తే అక్షరాలు వచ్చాయి గానీ కొన్ని ఒత్తులు తప్పిపోయాయి. ఆ షాపు అన్న ఓపికకు దండం పెట్టాలి. పెళ్లి పత్రికల పని పక్కన పెట్టి మా పేజీలు చేశాడు. "శుభలేఖలో పేరు తప్పు పోతే కొట్లాటే, మీది నయం" అన్నాడు. మాదీ అంతే అన్నా, అని చెప్పాం.

ప్రూఫ్ చదవడంలో డెస్కు అక్కది ఒక పద్ధతి. పేర్లు, అంకెలు మాత్రం ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు నోట్‌బుక్‌లో టిక్ పెడతారు. మిగతాది ఆఖరి వాక్యం నుంచి పైకి చదవాలి. కథలో పడి కొట్టుకుపోకుండా ఉండటానికి. చోటు చాలనప్పుడు వార్తను కింది నుంచి కోస్తారని ఇక్కడే కళ్లారా చూశాను. ఆర్వో వార్త నాలుగు సెంటీమీటర్లు ఎక్కువైంది. అన్న అడగకుండానే ఆఖరి పేరా ఎగరగొట్టబోయాడు. ల్యాబ్ శాంపిల్ సంగతి అందులోనే ఉంది. దాన్ని పట్టుకొచ్చి పైన మూడో పేరాలో ఇరికించి, నేను ఇష్టంగా రాసుకున్న కొళాయి వర్ణన కోయించాను. బాధేసింది. వర్ణన లేకపోయినా వార్త నిలబడింది.

హెడ్డింగ్ దగ్గర గంట పట్టింది. స్పోర్ట్స్ "కన్నీటి ప్లాంటు" అన్నాడు. "ఏడ్చినోళ్లు ఎవరు? పేరు, క్లాసు చెప్పు" అని సార్ అడిగారు. "పది నెలలుగా సర్వీసు లేని ఆర్వో ప్లాంటు" అని వేశాం. రెండు కాలమ్‌లలో సరిగ్గా పట్టింది. కబడ్డీ వార్త, క్విజ్, కార్టూన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వేళకు వచ్చాయి, అచ్చయ్యాయి.

సెప్టెంబరు

పత్రిక పంచిన రోజు అందరూ మొదట చూసింది కబడ్డీ ఫొటో. అది మాకు మింగుడుపడలేదు. ఆర్వో వార్త మీద మొదటి స్పందన మా నాయన ద్వారా వచ్చింది. ఆయన ఆటో ఎక్కిన ఒక పెద్దాయన "మీ పాప రాసిందంట గదా, ఎవురు తిన్నారో రాయలేదే" అన్నాడట. తిన్నారని తేలలేదు కాబట్టి రాయలేదని నాయన చెప్పాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు నాయన గొంతు కాస్త గర్వంగానే ఉంది, మళ్లీ టీవీ పెట్టేశాడు గానీ.

జైసల్మేర్ పేరా మీద మాత్రం పెద్ద గొడవైంది. పాత విద్యార్థి ఒకాయన బడికి ఫోన్ చేసి మన జిల్లా పేరు తగ్గిస్తారా అని హెచ్‌ఎం మేడంతో వాదించాడట. మేడం ఆయనకు పట్టికలు ఫొటో తీసి పంపించింది.

విద్యా కమిటీ సమావేశంలో ప్లాంటు విషయం వచ్చింది. మినిట్స్‌లో రాశారు, ఫొటో తీసుకున్నాం. రెండు ఫిల్టర్లు మార్చారు. లవణాలను ఆపే పొర, మెంబ్రేన్, ఇంకా మార్చలేదు, గ్రాంట్ పడ్డాక అన్నారు. మళ్లీ మీటర్ ముంచితే 840. ఫొటో "బాగయింది" అని రాద్దామన్నాడు. 910 నుంచి 840కి వస్తే అది బాగయినట్టా? "ఫిల్టర్లు మార్చారు, మెంబ్రేన్ మార్చాల్సి ఉంది, రీడింగ్ 840" అని సింగిల్ కాలమ్ ఫాలోఅప్ రాశాను. ల్యాబ్ ఫలితం ఇంకా రాలేదు, అది కూడా ఒక లైన్.

ఇకపై ప్రతి సోమవారం రీడింగ్ తీసే పని ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పగించాం. ప్లాంటు పక్కన ఒక కాగితం అతికించాం. తేదీ, సమయం, బోరు అంకె, కొళాయి అంకె, తీసినవాళ్ల సంతకం. మొదటి వారం ఒకడు సంతకం పెట్టకుండా అంకె మాత్రం రాశాడు. డెస్కు అక్క ఆ గడి కొట్టేసి, వాడిని పిలిచి మళ్లీ మీటర్ ముంచించింది.